సముద్రం దాటినా పౌరులమే

(సికింద్రాబాద్‌లో ఒక సాయంత్రం బడిలో కొత్తగా చదువు నేర్చినవారి ముందు చేసిన ప్రసంగ పాఠం)



సికింద్రాబాద్ రైల్వే స్టేషన్ అందరికీ తెలిసిందే. రోజూ ఎన్నో రైళ్లు వస్తాయి, పోతాయి. నిజామాబాద్ వైపు నుంచి వచ్చే రైళ్లు దిగినవాళ్లలో కొందరి చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి ఉంటుంది. అందులో కాగితాలు ఉంటాయి. ఆ సంచిని వాళ్లు ఎవరి చేతికీ ఇవ్వరు. స్టేషన్ బయటికి వచ్చి ఒకటే మాట అడుగుతారు. "కుమ్మరిగూడ ఎటు పోవాలి? పాస్‌పోర్టు ఆఫీసు ఎక్కడ?"

హైదరాబాద్ ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం ఉన్నది సికింద్రాబాద్‌లోనే. దేశం దాటి పోవాలనుకునే వాళ్ల కాగితాలు ఈ ఊరి గుండానే నడుస్తాయి.

వీళ్లంతా ఎక్కడికి పోతారు? కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు మగవాళ్లు దుబాయి, సౌదీ, కతార్, ఒమన్, బహ్రెయిన్ పోతారు. మేస్త్రీ పని, డ్రైవర్ పని, కూలి పని చేస్తారు. కడప, రాజంపేట, రాయచోటి వైపు ఆడవాళ్లు చాలామంది కువైట్ పోతారు. ఇళ్లలో పని చేస్తారు. చదువుకున్న పిల్లలు అమెరికా పోతారు.

పోయేటప్పుడు అందరూ అడిగే మాటలు ఇవే. జీతం ఎంత? ఎన్నేళ్లు? ఇంటికి ఎంత పంపవచ్చు? ఒక మాట మాత్రం చాలామంది అడగరు. అక్కడ ఉన్నన్నాళ్లు మనం ఎవరి మనుషులం? ఆపద వస్తే ఎవరిని అడగాలి? మన ఓటు ఏమవుతుంది?

ఈ పాఠం ఆ మాట కోసమే.

పౌరుడు అంటే ఎవరు?

పౌరుడు అంటే దేశంలో హక్కు ఉన్న మనిషి. ఆడవాళ్లయినా, మగవాళ్లయినా, చదువు వచ్చినా, రాకపోయినా పౌరులే. 1950 జనవరి 26 నుంచి మన రాజ్యాంగం అమలులో ఉంది. అది అందరికీ ఒకే ఓటు ఇచ్చింది. కోటి రూపాయలు ఉన్నవాడికి ఒక ఓటే. తట్ట మోసే అక్కకూ ఒక ఓటే.

ఇంట్లో ఒక కొడుకు పని కోసం పక్క ఊరికి పోయాడు. వాడు ఆ ఇంటి కొడుకు కాకుండా పోతాడా? పోడు. అలాగే పని కోసం దేశం దాటినవాడు మన పౌరుడు కాకుండా పోడు. గల్ఫ్ దేశాల్లో ఇరవై ఏళ్లు పనిచేసినా మామూలు కూలీకి ఆ దేశం పౌరసత్వం ఇవ్వదు. పోయిననాడు భారత పౌరుడే. తిరిగి వచ్చిననాడూ భారత పౌరుడే.

అమెరికా వంటి దేశాల సంగతి వేరు. అక్కడ కొన్నేళ్లు ఉన్నవాళ్లు కోరుకుంటే, నియమాల ప్రకారం ఆ దేశ పౌరసత్వం తీసుకోవచ్చు. అయితే మన చట్టం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. అది తీసుకున్ననాడే ఇది పోతుంది. అలాంటివాళ్ల కోసం ప్రభుత్వం ఓసీఐ కార్డు పెట్టింది. ఆ పథకాన్ని 2006 జనవరిలో హైదరాబాద్‌లో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్ సభలోనే ప్రారంభించారు. ఆ కార్డు ఉంటే వీసా లేకుండా వచ్చిపోవచ్చు. కానీ ఓటు ఉండదు. వ్యవసాయ భూమి కొనే వీలు ఉండదు. కార్డు వేరు, పౌరసత్వం వేరు.

ఆ చిన్న పుస్తకం

ఒక సంగతి అనుకుందాం. బోయిన్‌పల్లి బస్తీలో ఒక మేస్త్రీ ఉన్నాడు. భార్య నాలుగు ఇళ్లలో పనిచేస్తుంది. ఇద్దరు పిల్లలు. అప్పు పెరిగింది. ఒక ఏజెంటు వచ్చి "దుబాయిలో పని ఉంది, నెలకు ఇంత జీతం" అన్నాడు. మేస్త్రీ పాస్‌పోర్టు తీసుకున్నాడు. ఏజెంటు ఒక కాగితం చూపించి ఇక్కడ వేలిముద్ర వెయ్యమన్నాడు. మేస్త్రీ వేశాడు. ఆ కాగితంలో ఏముందో ఆయనకు తెలియదు. భార్యకూ తెలియదు.

దుబాయిలో దిగగానే కంపెనీ మనిషి వచ్చాడు. "పాస్‌పోర్టు ఇటు ఇవ్వు, భద్రంగా ఉంచుతాం" అన్నాడు. మేస్త్రీ ఇచ్చేశాడు. అయిదు నెలలు గడిచాయి. జీతం రాలేదు. ఇంటికి పోతానంటే పాస్‌పోర్టు ఇవ్వలేదు. ఒక రాత్రి భార్యకు ఫోన్ చేశాడు. "ఏం చెయ్యాల్నో తెలుస్తలేదు" అన్నాడు.

ఇక్కడ కొంచెం ఆగి, ఆ పుస్తకం సంగతి చూద్దాం.

మామూలు పాస్‌పోర్టు ముదురు నీలం రంగులో ఉంటుంది. పైన సింహాల గుర్తు ఉంటుంది. లోపల మన రాష్ట్రపతి పేరు మీద ఒక మాట అచ్చు వేసి ఉంటుంది. దాని భావం ఇది: ఈ మనిషిని ఆటంకం లేకుండా పోనివ్వండి, అవసరమైతే సాయం చెయ్యండి, రక్షణ ఇవ్వండి. మేస్త్రీ జేబులో ఉన్నా, మంత్రి జేబులో ఉన్నా ఆ మాట ఒకటే. రాష్ట్రపతి మేస్త్రీ తరఫున ఇతర దేశాల వాళ్లను అడుగుతున్నారన్న మాట.

ఇంకొక సంగతి ఉంది. 1967లో వచ్చిన పాస్‌పోర్టుల చట్టం ప్రకారం పాస్‌పోర్టు భారత ప్రభుత్వం సొత్తు. మనకు వాడుకోవడానికి ఇచ్చారు. అలాంటప్పుడు ఏజెంటుకు దాన్ని దాచుకునే హక్కు ఎక్కడిది? కంపెనీకి ఎక్కడిది? లేదు. "భద్రంగా ఉంచుతాం" అనే మాట తియ్యగా ఉంటుంది. పాస్‌పోర్టు ఎవరి చేతిలో ఉంటే, మనిషి రాకపోకలు వాళ్ల చేతిలో ఉన్నట్టే.

చదివి పెట్టిన సంతకం

పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు మీద సాధారణంగా ఈసీఆర్ అనే ముద్ర ఉంటుంది. ఇలాంటి పాస్‌పోర్టుతో గల్ఫ్ దేశాలు, మలేసియా వంటి 18 దేశాలకు పని కోసం పోవాలంటే ప్రభుత్వం అనుమతి కావాలి. ఇది మనల్ని ఆపడానికి పెట్టింది కాదు. చదువు తక్కువ ఉన్నవాళ్లను ఏజెంట్లు మోసం చేస్తారని పెట్టింది. 1983లో వచ్చిన వలసల చట్టం కింద ఈ ఏర్పాటు జరిగింది. అనుమతి ఇచ్చే అధికారిని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అంటారు. అంటే వలస పోయేవాళ్లను కాపాడే అధికారి. ఆ ఆఫీసు హైదరాబాద్‌లో కూడా ఉంది.

ఆ అధికారి దగ్గర పని ఒప్పందం చూపించాలి. అందులో జీతం, పని, గడువు రాసి ఉంటాయి. అందుకే మోసం చేసే ఏజెంటు ఆ దారిన పోనివ్వడు. "విజిట్ వీసా మీద పొండి, అక్కడికి పోయాక మారుస్తాం" అంటాడు. విజిట్ వీసా చూడడానికి పోయేవాళ్లది. పని చేసేవాళ్లది కాదు. దాని మీద పని చేస్తే అక్కడి చట్టం దృష్టిలో తప్పు మన మేస్త్రీదే అవుతుంది. మోసపోయినవాడే దోషిగా నిలబడతాడు.

ఏజెంటుకు ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సు ఉండాలి. లైసెన్సు ఉన్న ఏజెంటు 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి సేవా రుసుము తీసుకోరాదు. తీసుకున్న దానికి రసీదు ఇవ్వాలి. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద పోయే కూలీలకు ప్రవాసీ భారతీయ బీమా యోజన అనే బీమా ఉంది. 2017లో మార్చిన పథకం ప్రకారం రెండేళ్లకు 275 రూపాయలు కట్టాలి. మూడేళ్లకు 375 రూపాయలు కట్టాలి. ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి 10 లక్షల రూపాయలు వస్తాయి. దొడ్డిదారిన పోయినవాళ్లకు ఇది దక్కదు.

ఇళ్లలో పని కోసం పోయే అక్కలకు ఇంకొక నియమం ఉంది. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న స్త్రీకి 30 ఏళ్లు నిండాలి. ప్రైవేటు ఏజెంటు ద్వారా కాదు, ప్రభుత్వ సంస్థ ద్వారా పోవాలి. తెలంగాణలో ఆ సంస్థ పేరు టామ్‌కామ్.

ఇవన్నీ కాగితం మీద రాసి ఉండే సంగతులే. చదవగలిగినవాళ్లను మోసం చెయ్యడం కష్టం.

పాత సంగతి ఒకటి వినండి. 1860లో మద్రాసు నుంచి ఒక ఓడ దక్షిణ ఆఫ్రికాలోని నటాల్ పోయింది. చెరకు తోటల్లో పని కోసం కూలీలను తీసుకుపోయారు. ఆ తర్వాత ఎన్నో ఓడలు పోయాయి. ఆ కూలీల్లో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. 1894లో నటాల్ ప్రభుత్వం భారతీయులకు ఓటు లేకుండా చేసే చట్టం తెచ్చింది. అప్పుడు గాంధీజీ అక్కడ ఉన్నారు. అందరూ కలిసి ఒక పెద్ద అర్జీ రాశారు. దాని మీద సుమారు పది వేల సంతకాలు చేయించారు. ఆ సంతకాలకు ఒక నియమం పెట్టుకున్నారు. అర్జీలో ఏముందో పూర్తిగా అర్థమయ్యేలా చెప్పకుండా ఎవరి సంతకమూ తీసుకోకూడదు.

లండన్ ప్రభుత్వం ఆ చట్టాన్ని మొదట ఒప్పుకోలేదు. తర్వాత 1896లో మాటలు మార్చి నటాల్ ప్రభుత్వం మళ్లీ చట్టం తెచ్చింది. ఓటు పోయింది. కానీ నటాల్ ఇండియన్ కాంగ్రెస్ అనే సంఘం నిలిచింది. పరాయి దేశంలో ఉన్నా కలిసి అడగవచ్చని జనానికి తెలిసింది. గాంధీజీ 1915 జనవరి 9న మన దేశానికి తిరిగి వచ్చారు. అందుకే ప్రవాసీ భారతీయ దివస్‌కు జనవరి 9ని ఎంచుకున్నారు.

ఏజెంటు వేయించుకున్నదీ వేలిముద్రే. నటాల్‌లో తీసుకున్నదీ సంతకమే. ఒకటి తెలియకుండా వేసింది. ఇంకొకటి తెలిసి పెట్టింది. తేడా అక్కడే ఉంది.

ఓటు సంగతి

ఒకప్పుడు ఊళ్లో నివాసం ఉండేవాళ్ల పేర్లే ఓటర్ల జాబితాలో ఉండేవి. పొట్టకూటి కోసం దేశం దాటినవాళ్ల పేరు కొట్టివేసేవారు. 2010లో పార్లమెంటు చట్టం మార్చింది. 2011 ఫిబ్రవరి నుంచి అది అమలులోకి వచ్చింది. ఇప్పుడు 18 ఏళ్లు నిండి, పరాయి దేశ పౌరసత్వం తీసుకోని వాళ్లు ఎక్కడ ఉన్నా ఓటరుగా పేరు రాయించుకోవచ్చు. దానికి ఫారం 6ఎ అని ఉంది. రుసుము లేదు. పాస్‌పోర్టులో ఏ ఊరి చిరునామా ఉంటే ఆ ఊరి జాబితాలో పేరు చేరుస్తారు. వీళ్లకు ఓటరు కార్డు ఇవ్వరు. అసలు పాస్‌పోర్టు చూపించి ఓటు వెయ్యాలి. తిరిగి వచ్చి ఇక్కడే ఉండిపోతే ఫారం 6 నింపి మామూలు ఓటరుగా చేరాలి. రెండు చోట్ల పేరు ఉంచుకోకూడదు.

ఇంతవరకు బాగుంది. చిక్కు ఇక్కడే ఉంది. ఓటు వెయ్యాలంటే ఆ రోజు సొంత ఊరి పోలింగ్ కేంద్రానికి మనిషి రావాలి.

సికింద్రాబాద్ కంటోన్మెంటులో సైనికులు ఉన్నారు. వాళ్లు సరిహద్దులో ఉన్నా వాళ్ల ఊరి ఓటు పోస్టు ద్వారా వెయ్యవచ్చు. విదేశాల్లో మన ఎంబసీల్లో పనిచేసే ప్రభుత్వ ఉద్యోగులకూ ఆ వీలుంది. దుబాయిలో ఇటుక పేర్చే మేస్త్రీకి లేదు. ఆయన విమానం టిక్కెట్టు కొనుక్కోవాలి. సెలవు దొరకాలి. ఆ రోజుల కూలి పోగొట్టుకోవాలి. ఒక్క ఓటు కోసం ఇంత ఖర్చు ఎంతమంది పెట్టగలరు?

2024 లోక్‌సభ ఎన్నికల లెక్క చూడండి. విదేశాల్లో ఉన్న ఓటర్లుగా దేశం మొత్తం మీద దాదాపు లక్షా ఇరవై వేల మంది పేర్లు రాయించుకున్నారు. వచ్చి ఓటు వేసినవాళ్లు మూడు వేల మందికి లోపే. అందులో చాలా ఎక్కువ మంది కేరళ వాళ్లు.

ఈ చిక్కు తీర్చాలని ఒక బిల్లు వచ్చింది. విదేశంలో ఉన్నవాళ్లు తమ బదులు నమ్మిన మనిషి చేత ఓటు వేయించవచ్చని అందులో ఉంది. 2018 ఆగస్టులో లోక్‌సభ దాన్ని ఆమోదించింది. రాజ్యసభ ఆమోదం పొందలేదు. 2019లో లోక్‌సభ గడువు ముగియడంతో ఆ బిల్లు కూడా పోయింది.

"మరి రాలేనప్పుడు పేరు ఎందుకు?" అని ఒకరు అడగవచ్చు. మంచి ప్రశ్న. పేరు ఉంటే లెక్క తెలుస్తుంది. ఒక నియోజకవర్గంలో గల్ఫ్ పోయినవాళ్ల పేర్లు అయిదు వేలు ఉన్నాయనుకోండి. ఎన్నికల్లో నిలబడినవాడు వాళ్ల కష్టం గురించి మాట్లాడక తప్పదు. పేర్లు లేకపోతే వాళ్లు ఉన్నట్టే ఎవరికీ తెలియదు. రేపు చట్టం మారితే ఓటు వచ్చేది జాబితాలో ఉన్నవాళ్లకే. ఎన్నికల నాటికి సెలవు మీద ఇంటికి వచ్చిన వాళ్లు ఓటు వెయ్యాలన్నా పేరు ఉండాలి. ఓటు గురించి ఏ సందేహం ఉన్నా 1950 నంబరుకు ఫోన్ చెయ్యవచ్చు.

ఆపద వస్తే ఏ తలుపు తట్టాలి?

ప్రతి గల్ఫ్ దేశంలో మన ఎంబసీ ఉంది. దుబాయిలో, జిద్దాలో కాన్సులేట్లు కూడా ఉన్నాయి. అవి పెద్దవాళ్ల ఆఫీసులు కావు. మేస్త్రీ ఆఫీసులు కూడా. జీతం ఇవ్వకపోతే, పాస్‌పోర్టు లాక్కుంటే, జైలులో పెడితే, ఎవరైనా చనిపోతే అక్కడ చెప్పుకోవాలి. కష్టంలో ఉన్నవాళ్లకు తిండి, నీడ, ఇంటికి రావడానికి టిక్కెట్టు ఇచ్చేందుకు 2009లో ఒక సంక్షేమ నిధి ఏర్పాటు చేశారు. 2015 నుంచి మదద్ అనే ఫిర్యాదుల ఏర్పాటు కూడా ఉంది. ఇంటి దగ్గర ఉన్న భార్య అయినా, కొడుకు అయినా దాని ద్వారా ఫిర్యాదు పంపవచ్చు.

అక్కడి చట్టాలు కూడా కొన్ని తెలుసుకోవాలి. కువైట్‌లో ఇంటి పనివాళ్ల కోసం 2015లో చట్టం వచ్చింది. రోజుకు 12 గంటలు మించి పని చేయించరాదు. వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి. పనివాళ్ల పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోరాదు. కువైట్ పోయే అక్కలు ఈ మూడు మాటలు బాగా గుర్తు పెట్టుకోవాలి.

ఒక జాగ్రత్త. మన దగ్గర కష్టం వస్తే ధర్నా చేస్తాం, ఊరేగింపు తీస్తాం. గల్ఫ్ దేశాల్లో అలా చేస్తే జైలులో పెట్టవచ్చు. అక్కడ అడిగే పద్ధతి వేరు. లేబర్ ఆఫీసులో ఫిర్యాదు ఇవ్వాలి. ఎంబసీకి చెప్పాలి. ఆ దేశం చట్టాన్ని గౌరవించడం కూడా మంచి పౌరుడి పనే.

ఇంటి దగ్గర ఉన్నవాళ్ల పని

మళ్లీ మన మేస్త్రీ దగ్గరికి వద్దాం. ఆయన భార్య సాయంత్రం బడికి వస్తుందనుకుందాం. ఆమెకు ఇప్పుడు చదవడం, రాయడం వచ్చు. భర్త పోయే ముందు ఆమె ఒక పని చేసి ఉంటే ఎంత మేలు! పాస్‌పోర్టు జిరాక్సు ఒకటి ఇంట్లో ఉంచి ఉంటే, నోటు పుస్తకంలో పాస్‌పోర్టు నంబరు, కంపెనీ పేరు, ఏజెంటు పేరు, లైసెన్సు నంబరు రాసుకుని ఉంటే, ఆ రాత్రి ఫోన్ వచ్చినప్పుడు ఆమె చేతిలో ఆధారం ఉండేది. ఇవేవీ లేకుండా పోతే ఏ అధికారి అయినా ముందు అడిగేది ఆ నంబరే.

ఆ నంబరు ఉందనుకుందాం. ఆమె మరునాడే ఫిర్యాదు రాయిస్తుంది. ఎంబసీ వాళ్లు కంపెనీని పిలిచి అడుగుతారు. పని తొందరగా కావచ్చు, ఆలస్యం కావచ్చు. కానీ మేస్త్రీ దిక్కులేనివాడు కాడు. ఆయన కోసం అడిగే మనిషి ఉంది. అడగడానికి కాగితం ఉంది.

ఇంటి దగ్గర ఉన్నవాళ్లు ఇంకొకటి చెయ్యాలి. గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు సాయం చెయ్యాలని తెలంగాణలో ఏళ్ల తరబడి అడిగారు. శవం రావడానికే నెలలు పట్టిన ఇళ్లు ఉన్నాయి. భార్యలు, తల్లులు, సంఘాల వాళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగారు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం అలాంటి కుటుంబానికి 5 లక్షల రూపాయల సాయం ఇవ్వాలని ఉత్తర్వు ఇచ్చింది. అడగకుండా ఉంటే అది వచ్చేదా? అడిగినవాళ్లు ఇక్కడ ఉన్నవాళ్లే. దూరాన ఉన్నవాళ్ల గొంతు మనమే కావాలి. గ్రామసభకు పోవాలి. వార్డు మీటింగుకు పోవాలి. ఓటు అడగడానికి వచ్చినవాణ్ణి నిలబెట్టి అడగాలి. "మా ఇంటాయన దుబాయిలో ఉన్నడు. ఆయన కోసం నువ్వేం చేస్తవు?" అని.

మనిషి డబ్బు పంపుతాడు. ఆ డబ్బుతో ఇల్లు కడతాం, పిల్లలను చదివిస్తాం. కానీ దూరాన ఉన్న మనిషి డబ్బు పంపే యంత్రం కాదు. ఆయన పౌరుడు. ఆమె పౌరురాలు. ఆ మాట అక్కడివాళ్లూ మరవకూడదు, ఇక్కడివాళ్లూ మరవకూడదు.

ఈ వారం చెయ్యవలసిన పని

1. మీ ఇంట్లో గానీ, పక్కింట్లో గానీ విదేశంలో ఉన్నవాళ్లు ఎవరు? వాళ్ల పాస్‌పోర్టు నంబరు నోటు పుస్తకంలో రాయండి.

2. వాళ్ల పేరు ఓటర్ల జాబితాలో ఉందా? అడిగి తెలుసుకోండి. ఫారం 6ఎ గురించి వాళ్లకు ఫోన్‌లో చెప్పండి.

3. పోవాలనుకునే వాళ్లు ఉంటే వాళ్ల ఒప్పందం కాగితం తెప్పించండి. నలుగురు కూర్చుని పైకి చదవండి. జీతం, పని, గడువు ఎక్కడ రాసి ఉన్నాయో వేలు పెట్టి చూపించండి.

4. చదవకుండా సంతకం పెట్టవద్దు. పాస్‌పోర్టు ఎవరికీ దాచమని ఇవ్వవద్దు.

బలపం పట్టి నేర్చిన అక్షరం బస్సు మీద ఊరి పేరు చదవడానికి పనికివచ్చింది. సముద్రం దాటిన మనిషిని ఇల్లు చేర్చడానికి కూడా అదే పనికివస్తుంది.